కోళ్ళగూడైన అంట్ల మిషను

మా బావగారికి మనుషుల మీదకంటే కోడిపెట్టల మీద శ్రద్ధ ఎక్కువని అక్క పెళ్ళయిన కొత్తలోనే మాకు తెలిసిపోయింది. అయితే కువైట్ నుంచి వచ్చిన అంట్లు తోమే మిషను లోపలి తీగల అరను ఊడబెరికి, కోడిపిల్లల మీద బోర్లించి గూడు చేశారన్న సంగతి మాత్రం నిరుటి వేసవిలోనే తెలిసింది. బావగారు అంటున్నాను, ఆయన అంటున్నాను, మర్యాదకి లోటు చెయ్యను. మా కోనసీమలో తిట్టదలుచుకున్నా చివర అండీ తగిలించే తిడతాం.

నాకు అమలాపురంలో చిన్న టైలరింగ్ షాపుంది. షాపు మూసి ఎక్కడికీ వెళ్ళడం నాకిష్టం ఉండదు. అలాంటిది ఆ రోజు బస్సులో రాజోలు దిగి, ఆటో ఎక్కి అక్కావాళ్ళ ఊరు వెళ్ళానంటే కారణం అక్క చేతులు. ముందు వారమే ఆమెను అమలాపురంలో చర్మం డాక్టరుకి చూపించాను. వేళ్ళ సందుల్లో చర్మం చిట్లి ఎర్రగా చెమ్మ ఊరుతోంది. కుడిచేతి బొటనవేలు సరిగా మడత పడటం లేదు. డాక్టరు ఆ చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, సబ్బు నీళ్ళు మానేస్తే తప్ప ఏ మందూ పనిచెయ్యదనీ, ఇలాగే నానుతూ ఉంటే కొన్నాళ్ళకి పిడికిలి పట్టడమే కష్టమవుతుందనీ చెప్పాడు. అక్క "ఆయ్" అని బుద్ధిగా తలూపింది. బయటికొచ్చి మెట్లు దిగుతూనే, "మజ్జానం అంట్లన్నీ అలాగే ఉండిపోయేయే, తొరగా బస్సెక్కేద్దాం" అంది.

ఆవిడ అప్పటికే అన్నం చెంచాతో తింటోంది. ఆవకాయ అంటే ప్రాణం పెట్టే మనిషి, వేలికి ఆవకాయ తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది.

ఆ ఇంటి సంగతి కూడా చెప్పాలి. అక్క కువైట్‌లో ఒకరి ఇంట్లో ఏళ్ళ తరబడి వండి, తోమి, ఊడ్చి పంపించిన జీతంతో లేచిన మేడ అది. గేటు పక్కన పాలరాతి మీద చెక్కించిన పేరు మాత్రం బావగారిది. అన్నేళ్ళూ ఆయన చేసిన కష్టమంతా కొబ్బరితోటలో కుర్చీ వేయించుకుని కాయలు దింపిస్తూ, ఎండ జరిగినప్పుడల్లా కుర్చీ జరిపించుకోవడం. అక్క అక్కడున్నన్నాళ్ళూ ఇక్కడ ఆయన ఒక్కరి కంచం, గ్లాసు కడగడానికి ఒకావిడను పెట్టుకున్నారు. అక్క తిరిగొచ్చిన వారంలోనే ఆవిడను మాన్పించేశారు. ఇంట్లోకి ఆడమనిషి వచ్చేసింది కదండీ, ఇంకెందుకండీ అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నారు.

వంటింట్లో నల్ల గ్రానైటు గట్టు, మెరిసే స్టీలు సింకు. ఆ సింకులో ఇంతవరకు ఎవరూ ఒక గరిటె కూడా కడగలేదు. మరకలు పడతాయట. సింకులో ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. అంట్లు మాత్రం పెరట్లో కుళాయి దగ్గర సిమెంటు చప్టా మీద, పీట వేసుకుని, ఎండయినా వానయినా అక్కడే. చుట్టాలొస్తే బావగారు ముందు చూపించేది ఆ సింకునే.

పనిమనిషిని మళ్ళీ పెట్టమని నేనే అడిగాను.

"ఊళ్ళో ఎవరున్నారమ్మా మరదలా, తోమేవాళ్ళందరూ కువైటే ఎళ్ళిపోయేరు కదా" అన్నారాయన. అదేదో తాను కనిపెట్టిన విషయంలా నవ్వారు కూడా. నేను రబ్బరు తొడుగులు కొనిచ్చాను. లోపల చెమట పట్టి పుండ్లు ఇంకా రేగాయి. ఏదో ఒక దారి చూడకపోతే అక్క చెయ్యి చెడిపోతుందని తెలిసి కూడా ఆ ఇంట్లో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చప్టా మీద గిన్నెలు పడుతూనే ఉన్నాయి.

అలాంటి స్థితిలో వెళ్ళిన నేను పెరట్లోకి అడుగుపెట్టగానే కోళ్ళగూడు కంటపడింది. నీలంరంగు ప్లాస్టిక్ పూత పూసిన తీగలు, వరుసగా నిలబెట్టిన పుల్లలు, అంచులకు చిన్న చిన్న చక్రాలు. కోళ్ళగూటికి చక్రాలేమిటి?

"ఇదెక్కడిదక్కా?" అని అడిగాను.

"మిషనుది."

"ఏ మిషను?"

"అంట్ల మిషనే. నేను పనిచేసిన ఇంటిది, నాతోపాటు కార్గోలో వచ్చింది చూడు, హాల్లో టీవీ కింద పెట్టేరు కొన్నాళ్ళు" అంది అక్క, నిన్నటి కూర సంగతి చెప్పినంత తాపీగా.

అప్పుడు గుర్తొచ్చింది. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, వాటి వెనక నలుగురు మనుషులు మోసుకొచ్చిన గోధుమరంగు పెట్టె. అది పాతబడి నడవని బట్టల మిషను కాబోలు అనుకున్నాను. కొందరికి బావగారు అది ఇనప్పెట్టె అని చెప్పినట్టున్నారు, ఎవరూ కాదనలేదు. టీవీ గోడకెక్కాక ఆ పెట్టెను కొబ్బరికొట్టులోకి తోయించేశారు. వచ్చిన మొదటి రోజే అక్క దాన్ని పెట్టిద్దామని అడిగిందట. "ఇంట్లో నువ్వుండగా మిషనెందుకే, కరెంటు దండగ" అన్నారట. అక్కడితో ఆ విషయం ముగిసిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బావగారి మీద ఎంత మండిందో అక్క మీదా అంతే మండింది. చేతులు పుండ్లవుతుంటే పెరట్లో కూర్చుని, అంట్లు తోమే మిషను ముక్కలో కోడిపిల్లలు తిరుగుతుంటే వాటికి నూకలు చల్లుతున్న మనిషిని ఏమనాలి?

కొట్టులోకి వెళ్ళి చూశాను. కొబ్బరి డొక్కల గుట్ట వెనక, గోనెసంచుల కింద, మోకాళ్ళ మీద కూర్చున్న గేదెలా ఉంది. తలుపు తెరిస్తే ముక్కిపోయిన కొబ్బరి వాసన. లోపల ఎలుకలు పీచుతో గూడు కట్టి పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలూ పెద్దవై వెళ్ళిపోయినట్టున్నాయి. పై అర కనిపించలేదు. అది డాబా మీద దొరికింది, దానిలో మిరపకాయలు ఆరబెట్టుకుంటున్నారు. చెంచాలు పెట్టే బుట్ట కుళాయి గోడకు వేలాడుతోంది, అందులో పళ్ళు తోముకునే బ్రష్షులు. ఆ మిషనులో పనికొచ్చేవన్నీ ఆ ఇంట్లో పనికొస్తూనే ఉన్నాయి, అది తోమాల్సిన అంట్లు తోమడం తప్ప.

"దీన్ని నేను నడిపిస్తాను" అన్నాను.

"కుట్టు మిషనూ ఇదీ ఒకటేనా మరదలా?" అన్నారు బావగారు.

ఒకటి కాదు. కానీ ఎన్నో ఏళ్ళుగా కుట్టు మిషన్లు విప్పి, నూనె వేసి, మళ్ళీ బిగించుకుంటున్న మనిషిని. మర చూస్తే నాకు భయం లేదు. ఆయనకు మర చూస్తే భయం, పని చూస్తే ఇంకా భయం. ఆ మాట పైకనలేదు గానీ ఆయనకు అర్థమయ్యేట్టే చూశాను.

అప్పట్నించి ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కడం మొదలుపెట్టాను. మొదటి తగాదా కోళ్ళగూటి దగ్గరే. అర తీసుకోబోతే బావగారు అడ్డం నిలబడ్డారు. "పిల్లల్ని గద్ద తన్నుకుపోతే ఎవరిది పూచీ?" అన్నారు. భార్య చేతులు ఏమైపోతే ఎవరిది పూచీ అని అడిగాను. ఆయన ఆ మాట వినపడనట్టు తోటవైపు చూశారు. చివరికి నేనే ఒక గంప కొని తెచ్చి కోడిపిల్లల్ని దానికింద మూసి, అర విడిపించుకున్నాను. ఆ అరకు అంటిన కోడిరెట్ట వదిలించడానికి ఒక పూట పట్టింది.

నేను పనిచేస్తున్నంతసేపూ బావగారు కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. సాయానికి కాదు, సలహాకి. ప్రతిదానికీ ఆయన దగ్గర ఒకటే మందు, కొబ్బరినూనె. తలుపు రబ్బరు ఎండి చెక్కలా అయిపోతే కొబ్బరినూనె రాయమన్నారు. మీట తిరగకపోతే కొబ్బరినూనె పొయ్యమన్నారు. తీగ ఇన్సులేషన్ చిట్లితే దానికీ అదే అన్నారు. నేను రబ్బరును వేడినీళ్ళలో నానబెట్టి, మెడికల్ షాపులో గ్లిజరిన్ సీసా తెచ్చి రాశాను. రెండో ఆదివారానికి అది వేలితో నొక్కితే లొంగింది. "నూనైతే ఇంకా తొరగా వచ్చేది" అన్నారాయన.

అక్కను తడి గుడ్డ ముట్టనివ్వలేదు. ఆమె చేతులు కొంగులో చుట్టుకుని పక్కన నిలబడేది. నిలబడలేకపోయేది పాపం, నేను వెనక్కి తిరిగితే గుడ్డ తీసుకుని ఓ మూల తుడవడం మొదలుపెట్టేది. నేను లాక్కునేదాన్ని. తలుపు గొళ్ళెం ఎటు తిప్పితే ఊడుతుందని అడిగాను, తెలీదంది. మీట మీద ఇంగ్లీషు, అరబ్బీ అక్షరాలు సగం చెరిగిపోయాయి, ఎక్కడ పెడితే కడుగుతుందని అడిగాను, తెలీదంది. అన్నేళ్ళు ఆ మిషనున్న ఇంట్లో పనిచేసి, ఆ గొళ్ళెం ఎటు తిరుగుతుందో తెలీకపోవడమేమిటని విసుక్కున్నాను. అక్క మూల తుడవడానికి మళ్ళీ గుడ్డ వెతుక్కుంది.

లోపలి స్టీలు మాత్రం స్టీలే. వెనిగరూ నిమ్మచెక్కలూ వేసి రుద్దితే పేరుకున్న తెల్లటి ఉప్పు ఊడి, కింద నుంచి మెరుపు బయటపడింది. నీళ్ళు చిమ్మే రెక్కలు రెండున్నాయి, కిందొకటి పైనొకటి. వాటికున్న చిల్లులన్నీ మట్టితో పూడిపోయాయి. సూది పెడితే విరిగింది. చీపురులోంచి కొబ్బరి ఈనె లాగి పొడిస్తే ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నీళ్ళు లోపలికి వచ్చే గొట్టం మొదట్లో చిన్న జల్లెడ ఉంది. దాన్ని విదిలిస్తే మెత్తని ఇసక రాలింది, మన గోదావరి ఇసక కాదు, అంతకంటే సన్నం, పసుపు రంగు. అన్నాళ్ళూ అక్కడి ఇసకను ఇక్కడ దాచుకుని కూర్చుంది.

అడుగున నీళ్ళు బయటికి పంపే పంపు తిరగలేదు. మూత విప్పి వేలు పెట్టి తడిమితే గట్టిగా ఏదో తగిలింది. లాగితే ఖర్జూరం గింజ. నల్లబడిపోయి, రాయిలా ఉంది. అక్క దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది.

"ఇది నేను ఎళ్ళకముందుదయ్యుంటాది" అంది.

నీకెలా తెలుసని అడగాల్సింది. అడగలేదు. నా ధ్యాసంతా పంపు మీదే ఉంది.

మర బిగించాక కరెంటు సంగతి వచ్చింది. బావగారు తన పరువు కొద్దీ రాజోలు నుంచి ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. అతను వచ్చి, మిషను చుట్టూ తిరిగి, పలకల్లాంటి మూడు కాళ్ళున్న ఆ ప్లగ్గును చూసి పెదవి విరిచాడు. దానికో అడాప్టరు తగిలించి గోడ ప్లగ్గులో పెట్టి, మిషను ఒంటికి టెస్టరు ఆనించగానే దీపం వెలిగింది. ఎగిరి వెనక్కి గెంతాడు.

"ఫారిన్ మాలండీ. మన కరెంటు దీనికి పడదండీ" అన్నాడు.

"కువైట్లో కరెంటు చెట్టుకి కాస్తుందా అండీ?" అన్నాను.

అతను నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే గోడ ప్లగ్గు విప్పి చూశాడు. ఎర్త్ తీగ లేదు. ఒక్క ప్లగ్గుకే కాదు, మొత్తం ఆ రెండంతస్తుల మేడకే లేదు. గోడలకు ఇటాలియన్ రంగులు వేయించినవారు, హాల్లో షాండిలియర్ వేలాడదీసినవారు, భూమిలోకి ఒక రాగి తీగ దింపించలేదు. ఎందుకంటే అది భూమిలో ఉంటుంది, చుట్టాలకు కనపడదు. నా నోరు ఊరుకుంటుందా, అదే మాట బావగారితో అన్నాను. ఆయన కోళ్ళకు నూకలు వెయ్యడానికి వెళ్ళిపోయారు. పెరట్లో గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గులూ వేయించి, ఎర్త్ దింపించాం. టెస్టరు మళ్ళీ వెలగలేదు.

తరవాతి ఆదివారం మొదటిసారి నడిపించాం. కొట్టులోనే, ఖాళీగా, ట్యాంకు నుంచి గొట్టం లాగి. మీట తిప్పాను. కాసేపు ఏమీ లేదు. తరవాత లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడు, నీళ్ళు పడిన చప్పుడు, రెక్కలు తిరిగిన చప్పుడు. తలుపు కింది నుంచి సన్నగా నీళ్ళు కారాయి, రబ్బరు మరికాస్త లాగి సర్దితే ఆగాయి. కాసేపటికి పంపు తిరిగి, మురికినీళ్ళన్నీ గొట్టంలోంచి కొబ్బరిమొక్క మొదట్లోకి వెళ్ళిపోయాయి. నేను నేల మీద చతికిలపడి నవ్వాను. అక్క మిషను మీద చెయ్యి వేసి, అది వణుకుతుంటే తియ్యకుండా అలాగే నిలబడింది.

తరవాత మాడిన పాలగిన్నె పెట్టి చూశాం, చారు గిన్నె పెట్టి చూశాం. బట్టల పొడి వేస్తే నురగ పొంగి కొంప మునుగుతుందని ఎక్కడో చూశాను, దాని పొడి వేరే ఉంటుంది. ఫోనులో ఆర్డరిస్తే అమలాపురం వచ్చింది. గిన్నెలు నిక్షేపంలా వచ్చాయి. వేడికి చెయ్యి పెట్టలేకపోయాం. ఇక అక్క చేతులకు విడుదల దొరికినట్టే అనుకున్నాను. నేను అనుకున్నవి ఆ ఇంట్లో ఎప్పుడు జరిగాయి గనక.

మిషను నడుస్తోందని తెలిసిన గంటలో బావగారు దానికి యజమాని అయిపోయారు. అంతవరకు అది నా పిచ్చి. ఇప్పుడు ఆయన ఫారిన్ మాలు. మనుషుల్ని పిలిపించి దాన్ని కడిగించి, వంటింట్లోకి, ఆ పవిత్రమైన సింకు పక్కకు మోయించారు. శుక్రవారం మంచిరోజని, వీధివాళ్ళనీ దగ్గరి చుట్టాలనీ టిఫినుకు పిలిచారు. ఎవరు వండాలో చెప్పక్కర్లేదు. నేను షాపు మూసి, పిండి రుబ్బడానికి ముందురోజే వెళ్ళాను.

పొద్దున్నే బావగారు తలంటుకుని పట్టుపంచె కట్టి, మిషను తలుపు మీద పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టారు. మీటకు బంతిపూల దండ వేశారు. దాని నెత్తిన అరటిపండు పెట్టి అగరొత్తి గుచ్చారు. కొట్టు నిండా కాయలున్న మనిషి, గుట్టంతా వెతికి గుప్పెడంత కాయ ఏరి తెచ్చి కొట్టారు. హారతిచ్చి, కళ్ళకద్దుకున్నారు. ట్రాక్టరుకు చేస్తారు, పంపుసెట్టుకు చేస్తారు, దీనికి మాత్రం ఎందుకు చెయ్యకూడదని నేనూ నోరు మూసుకున్నాను. పూజ చేస్తే చేశారు, అక్క చేతికి సబ్బు తగలకపోతే చాలనుకున్నాను.

అందరూ పెసరట్టు ఉప్మా తిన్నారు. నేను కంచాలు దొంతరపెట్టి మిషను దగ్గరికి తీసుకెళ్ళాను. తలుపు మీద చెయ్యి వెయ్యబోతుంటే బావగారు పరుగెత్తుకొచ్చారు. ఆయన పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు.

"ఆగు ఆగు మరదలా. బొట్టు పెట్టి హారతిచ్చిన వస్తువులో ఎంగిలి కంచాలు పెడతావా?"

"అది ఎంగిలి కంచాలు కడిగే మిషనండీ బావగారూ."

"కడగనీ. నేనొద్దన్నానా? ముందు ఎంగిలి వదిలించి పెట్టు, కడుగుద్ది."

నేను ఆ ముఖంలోకి చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే అంటున్నారు. పోనీ చుట్టూ ఉన్నవాళ్ళయినా నవ్వుతారేమోనని చూశాను. చదువుకున్నవాళ్ళున్నారు, ఉద్యోగాలు చేసినవాళ్ళున్నారు. అందరూ గంభీరంగా తలలూపారు.

"ఆయ్, నిజమేనండీ. ఓసారి తోమేసి పెడితే దోషం ఉండదండీ" అందొకావిడ.

"మాకైతే ఇలాంటిది ఉంటే మడి గిన్నెలకే ఉంచేసుకుంటామండీ" అంది ఇంకొకావిడ.

ఇంతమంది బుర్రలు ఒక్కచోట చేరి కూడా అంట్ల మిషనులో అంట్లు పెట్టడం తప్పని తేల్చాయి. జవాబు చెబుదామని ఇటు తిరిగేసరికి నా చేతిలో కంచాలు లేవు. అక్క అప్పటికే వాటిని పట్టుకెళ్ళి చప్టా దగ్గర పీట వేసుకుని కూర్చుంది. పీచుకు సబ్బు రాస్తోంది. నురగ వేళ్ళ సందుల్లోకి దిగినప్పుడల్లా పళ్ళ బిగువున గాలి పీల్చుకుంటోంది. ఆ చప్పుడు నాకు వంటింట్లోకి వినపడింది. మిగతావాళ్ళకు వినపడలేదు, వాళ్ళు కాఫీ తాగుతున్నారు.

తళతళలాడుతున్న కంచాలను తెచ్చి బావగారి చేతుల మీదుగా మిషనులో పెట్టించారు. ఆయనే మీట తిప్పారు. చుట్టాలు కుర్చీలు దగ్గరికి లాక్కుని నీళ్ళ చప్పుడు విన్నారు. తలుపు తీసినప్పుడు ఆవిరి వచ్చింది. ఒక కంచం పైకెత్తి కిటికీ వెలుగులో చూపించారు బావగారు.

"చూసేరా, అద్దంలా వచ్చింది."

"ఫారిన్ మాలంటే ఫారిన్ మాలేనండీ" అన్నారు జనం.

తోమిన కంచం తోమినట్టే వచ్చినందుకు చప్పట్లొక్కటే తక్కువ. నేను జీవితంలో చాలామంది మూర్ఖులకు జాకెట్లు కుట్టాను, కానీ అందరినీ ఒక గదిలో ఒకేసారి చూడటం అదే మొదలు.

వాళ్ళంతా వెళ్ళాక పెరట్లోకి వెళ్ళి అక్కను దులిపేశాను. ఆదివారాలన్నీ పోగొట్టుకుని, ఎలుకపెంట ఎత్తి, నేను ఇదంతా చేసింది ఎవరికోసమని అడిగాను. కువైట్‌లో ఆ మహాతల్లి ఇంట్లో మిషనులో వేసి హాయిగా కూర్చున్నదానివి, ఇక్కడ నోరు తెరిచి ఇందులో ఎంగిలే వేస్తారని ఒక్క ముక్క చెప్పలేవా అన్నాను.

అక్క చేతులు కొంగుతో ఒత్తుకుంటోంది. గట్టిగా తుడిస్తే మంట.

"అక్కడ నేను వెయ్యలేదే" అంది.

"అంటే?"

"నేనెళ్ళిన రోజే ఆవిడ దాని ప్లగ్గు పీకేసింది. నువ్వుండగా మిషనెందుకు అంది. అరబ్బీ అప్పటికి రాదు నాకు, చేత్తో చూపించింది, నన్నూ, సింకునీ. అన్నేళ్ళూ దాని పక్కనే నించుని తోమేను. ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పారేస్తుంటే నేనడిగేను. మా ఇంటికెళ్ళేక ఇది తోముద్ది, నేను చూస్తానని."

కార్గో దిగిన రోజు ఈయన అన్న మాట, ప్లగ్గు పీకిన రోజు ఆవిడ అన్న మాట, ఒక్క పొల్లు తేడా లేదు. ఒక సముద్రానికి అటొకరు, ఇటొకరు. నాకు ఖర్జూరం గింజ గుర్తొచ్చింది. అక్క చేతుల్ని పట్టుకుందామనుకున్నాను, ఎక్కడ పట్టుకున్నా నొప్పే అని మానేశాను.

మధ్యాహ్నం అన్నాల వేళయింది. చేపల పులుసు. బావగారికి ముందు వడ్డించడం రివాజు, ఆయన తిన్నాకే మేం. ఆయన తృప్తిగా తిని, ముళ్ళు కంచం అంచున కుప్పపెట్టి, ఎప్పటిలాగే కూర్చున్నచోట కూర్చుని కంచంలోనే చెయ్యి కడుక్కున్నారు. ఆ అలవాటు ఎవరిలో చూసినా నాకు చిన్నప్పట్నించీ కంపరం. పులుసు, ముళ్ళు, మెతుకులు, చెయ్యి కడిగిన నీళ్ళు, అన్నీ కలిసిన ఆ కంచాన్ని ఒక మనిషి మోసుకెళ్ళి తోమాలి.

అక్క కంచం తీసింది. చప్టావైపు వెళ్ళి నీళ్ళు పారబోసి, ముళ్ళు కుక్కకు దులిపింది. పీట మీద కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. వంటింట్లోకి తిరిగొచ్చింది. కొంగు చివర తడిపి మిషను తలుపు మీద కుంకుమ బొట్లు ఒకటొకటిగా తుడిచింది. దండ తీసి సింకులో ప్లాస్టిక్ పూలకు వేసింది. తలుపు తెరిచి, పులుసు మరకలతో ఉన్న ఆ కంచాన్ని అరలో నిలబెట్టింది. పక్కన ఆయన గ్లాసు, కూరగిన్నె, పులుసు దాక, గరిటెలు.

బావగారు కుర్చీలోంచి లేచారు.

"ఏమే, మతిపోయిందా? ఇంట్లో నువ్వుండగా ఆ ఎంగిలంతా తీసుకెళ్ళి దాంట్లో..."

అక్క పొడి వేసి తలుపు మూసింది.

"నేనింకా కువైట్లోనే ఉన్నాననుకోండి" అంది. మీట తిప్పింది. ఏ వైపు తిప్పాలో ఆమెకు ఇప్పుడు తెలుసు.

లోపల నీళ్ళు పడ్డాయి. బావగారు నావైపు చూశారు, నేనేదో అంటాననీ, అంటే దానికి జవాబు చెప్పి గెలవచ్చనీ. నేను పులుసు వడ్డించుకున్నాను. అక్క నా పక్కన కూర్చుని చెంచాతో తింది. మిషను చప్పుడు చేస్తున్నంతసేపూ ఆయన నిలబడే ఉన్నారు.

అప్పట్నించి బావగారు మడి పోయిన ఆ మిషనులో కడిగిన కంచం ముట్టనని పంతం పట్టి అరిటాకులో తింటున్నారు. ఆకు తీసి పారేసేది ఎవరని అక్కను ఫోనులో అడిగాను. "ఎవరి ఆకు వాళ్ళే తియ్యాలి కదే" అంది. ఆ విధంగా ఆ ఇంట్లో ఆయన చేతికి కూడా ఒక పని వచ్చింది.

మొన్న నేను వెళ్ళేసరికి అక్క కొత్త ఆవకాయ జాడీ తెరిచి, వేడన్నంలో వేసుకుని, నూనె పోసుకుని, చేత్తో కలుపుకుంటోంది. వేళ్ళ నిండా ఎర్రగా ఆవపిండి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"మండుతోందా?" అని అడిగాను.

"నోటికే" అంది.